కస్టమర్ పూర్తి పేరు చెప్పండి మేడం

ఆ రోజుల్లో నన్ను ఒక్కచోట కూర్చోబెట్టడం మా ఇంట్లో ఎవరి వల్లా అయ్యేది కాదు. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు, పోటీపరీక్షల పుస్తకాలు ముందేసుకుని పేజీకోసారి గేటు దాకా పోయివచ్చే వయసు. టీ చల్లారేదాకా ఆగలేక నాలుక కాల్చుకునేవాణ్ణి. కేసముద్రం స్టేషన్లో రైలు కనబడకముందే సంచి భుజాన వేసుకుని ప్లాట్‌ఫారం అంచుకు పోయి నిలబడేవాణ్ణి (అలా నిలబడితే రైలు కొంచెం తొందరగా వస్తుందని లోపలెక్కడో నమ్మకం). "వీడు కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుడేంది!" అని మా బాపమ్మ, అంటే మా నాన్న తల్లి, పొద్దున లేస్తే విసుక్కునేది. అలాంటివాడి చేతిలో దేవుడు ఒకసారి కస్టమర్ కేర్ నంబరు పెట్టాడు. తలుచుకుంటే నా కుడిచెవి ఇప్పటికీ వేడెక్కుతుంది.

కథ మా తాత చెవులతో మొదలవుతుంది. వయసు మీద పడేకొద్దీ అవి మందగించి, చివరికి పక్కన కూర్చుని అరిస్తే తప్ప వినపడని స్థితికి వచ్చాయి. అరిచే పని బాపమ్మది. ఎవరేం చెప్పినా ముందు ఆమె విని, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి మళ్ళీ చెప్పేది. ఏళ్ళ తరబడి అలా అరిచి అరిచి ఆమెకు మామూలు గొంతు అనేదే లేకుండా పోయింది. కూరలో ఉప్పు సరిపోయిందా అని ఆమె ఆయన్ను అడిగితే పక్కింటివాళ్ళు సరిపోయిందని జవాబు చెప్పేవాళ్ళు. భూపాలపల్లిలో బొగ్గు గనిలో పనిచేసే మా బాబాయి ఇదంతా చూడలేక అక్కడి షాపులో ఒక చెవి మిషను కొనుక్కొచ్చాడు. చిక్కుడుగింజంత ఉండేది. దాన్ని పెట్టుకున్న మొదటిరోజు తాత గోడ గడియారం వైపు అనుమానంగా చూసి, "గిది గిట్ల సప్పుడు జేస్తదా?" అని అడిగాడు. మా ఇంట్లో ఆ గడియారం నా కంటే పాతది. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆయన పనేమీ లేకపోయినా మార్కెట్ యార్డు దాకా పోయి, లారీల హారన్లూ, మక్కల బస్తాలు దించే హమాలీల కేకలూ కడుపునిండా విని, పెళ్ళిభోజనం చేసి వచ్చినవాడిలా ఇంటికి వచ్చేవాడు.

అంతలో మిషను చెడిపోయింది. ముందు ఒక పూటంతా కుయ్యిమని ఈల వేసింది, సాయంత్రానికి మూగబోయింది. బ్యాటరీ మారిస్తే కదల్లేదు, బట్టతో తుడిస్తే కదల్లేదు, మా నాన్న ఇంట్లో పాత రేడియోకు చేసే వైద్యం, అంటే అరచేత్తో రెండు దెబ్బలు, దానికీ చేయబోతే నేను అడ్డుపడ్డాను. మామూలు రోజుల్లో అయితే ఒక వారం ఆగేవాళ్ళమేమో. కానీ ఎల్లుండే జనగామలో, మా వదిన పుట్టింట్లో, మా అన్న కొడుక్కి తొట్టెల వేసి పేరు పెట్టే పండుగ. మా ఇంటి ఆచారం ప్రకారం ఆ పిల్లవాడికి పెట్టేది తాత పేరే. ఆయన తెల్లపంచె, లాల్చీ ఇస్త్రీ చేయించి ట్రంకుపెట్టె మీద పెట్టుకుని ఉన్నాడు. మిషను ఇక పనిచేయదని తెలిశాక వాటివైపు చూసి, "నేను రానురా" అన్నాడు. "నా పేరు వెడ్తుంటే నాకే ఇనవడకపోతే ఆడ నేనెందుకు? మీ అన్న లగ్గంల ఏమాయె? అందరు నవ్విన్రు, నేను గుడ నవ్విన. ఎందుకు నవ్విన్నో ఇప్పటికెరుక లేదు. బొమ్మ లెక్క కూసుండవెట్టుకుంటరా నన్ను?" ఈ మాట కూడా ఆయన నవ్వుతూనే అన్నాడు, అందుకే నాకు ఎక్కువ బాధేసింది. రేపు సాయంత్రంలోగా నీ చెవిలో కొత్త మిషను ఉంటుంది తాతా అని సైగలతో, చేతులూపుతూ మాటిచ్చేశాను.

బాబాయికి ఫోన్ చేస్తే, "ఆ షాపు ఎత్తేసిన్రు బిడ్డా, డబ్బ మీద నంబరుంటది, గా కంపెనీకే చెయ్యి" అన్నాడు. మా ఇంట్లో సిగ్నల్ జామచెట్టుకూ నీళ్ళ ట్యాంకుకూ మధ్య మాత్రమే దొరుకుతుంది. అక్కడ నిలబడి నంబరు కొట్టాను. "తెలుగు కోసం రెండు నొక్కండి" అంది ఒక యంత్రం. రెండు నొక్కితే హిందీలో మాట్లాడింది. తర్వాత సంగీతం. ఆ సంగీతం మధ్యలో ఒకామె వచ్చి, మీ కాల్ మాకు చాలా ముఖ్యమైనది అని చెప్పి వెళ్ళిపోయేది. ముఖ్యమైతే ఎత్తొచ్చు కదా తల్లీ అని నేను బదులిచ్చేవాణ్ణి (యంత్రమని తెలుసు, అయినా ఇచ్చేవాణ్ణి). జామచెట్టు నుంచి ట్యాంకుకూ ట్యాంకు నుంచి జామచెట్టుకూ నడిచి నడిచి అక్కడి గడ్డి చచ్చిపోయింది.

చివరికి ఒకబ్బాయి దొరికాడు. మెత్తని గొంతు, ప్రతి వాక్యానికి ముందొక సార్, వెనకొక సార్. "సార్, మీ ఇబ్బంది నేను అర్థం చేసుకోగలను సార్" అన్నాడు. పరికరాన్ని చెవిలో పెట్టి, కస్టమర్‌కు వినపడుతోందో లేదో ఒకసారి అడగమన్నాడు. "అడిగితే ఆయనకు ఇనవడాలె గదన్నా!" అన్నాను. "అర్థం చేసుకోగలను సార్. ఒకసారి అడగండి సార్." అడిగాను. తాత నా పెదవుల వైపు చూసి, "తిన్న, ఇప్పుడే తిన్న" అన్నాడు. సరే, వారంటీలో ఉంది కాబట్టి వరంగల్ సర్వీస్ సెంటర్లో రేపే కొత్తది ఇచ్చేస్తామనీ, దానికి ముందు కస్టమర్ స్వయంగా ఫోన్లో తన పేరు చెప్పి ధ్రువీకరించాలనీ అన్నాడు. నా ప్రాణం లేచి వచ్చింది. ఇంతేనా అనుకుని తాతను చెట్టు దగ్గరికి పిలుచుకొచ్చి ఫోన్ ఇచ్చాను. తాతకు ఫోన్లో మాట్లాడటమంటే సరదా. ఎవరు ఏమడుగుతున్నారో వినపడకపోయినా మర్యాద తెలిసిన మనిషి కదా, తనే అందుకున్నాడు: "ఆ, బాగున్నం. అందరం మంచిగున్నం. వానలే సరింగ లెవ్వు. మీ దిక్కు వడ్డయా? పిల్లలు బాగున్నరా?" అవతల ఆ అబ్బాయి పేరు చెప్పండి సార్, పేరు సార్ అని మొత్తుకోవడం స్పీకర్లో నాకు వినపడుతూనే ఉంది. తాత అతనికి మా మిరపతోట సంగతి మొత్తం చెప్పి, "మల్ల వీలు జూసుకొని రండ్రి" అని ఫోన్ కట్ చేసేశాడు.

మళ్ళీ సంగీతం, మళ్ళీ మీ కాల్ మాకు ముఖ్యమైనది. ఈసారి వేరే అబ్బాయి. నాకు ఓపిక చచ్చి, గొంతు వణికించి, దగ్గు కూడా కలిపి, కస్టమర్‌నే మాట్లాడుతున్నానని చెప్పేశాను. ముసలి గొంతు బాగానే కుదిరిందని నాకిప్పటికీ గర్వమే. అతను చాలా మర్యాదగా, "సంతోషం సార్. మీకు రెండు చెవులూ వినపడవని ఇక్కడ రాసి ఉంది సార్. నేను చెప్పేది మీకు ఎలా వినపడుతోంది సార్?" అన్నాడు. నేను ఆ ముసలి గొంతుతోనే ఫోన్ పెట్టేశాను.

మూడోసారి ఒకమ్మాయి. ఆమె నాకు దారి చూపించింది, ఆ దారే గోడకు తీసుకెళ్ళింది. కస్టమర్ మాట్లాడలేని పక్షంలో వారంటీ కాగితంలో రెండో పేరుగా ఉన్న మనిషి చెప్పినా చాలునట. రెండో పేరు బాపమ్మది. తాతకు ఎలాగూ ఫోన్లో వినపడదు కదా అని బాబాయి ముందుచూపుతో రాయించాడు. "మేడం ఒక్కసారి కస్టమర్ పూర్తి పేరు చెబితే సరిపోతుంది సార్" అంది. నేను ఎగిరి గంతేసి, బాపమ్మను చెట్టుకిందికి లాక్కొచ్చి, ఫోన్ చెవి దగ్గర పెట్టి, "తాత పేరు చెప్పు" అన్నాను. అన్న తర్వాతగానీ నేనేమన్నానో నాకు తెలియలేదు.

మా బాపమ్మ మొగుడి పేరు పలకదు. పలకదంటే పలకదు. పెళ్ళినాడు గడప దగ్గర ఆపి పేర్లు చెప్పమని ఆడపడుచులు అడ్డం నిలబడితే, ఏడుస్తూ నిలబడిందే తప్ప చెప్పలేదట, చివరికి మా తాత తల్లే జాలిపడి లోపలికి రానిచ్చిందట. తాత పేరు గుట్ట మీద వెలిసిన ఒక దేవుడి పేరు కావడంతో ఆ దేవుడికీ కష్టాలొచ్చాయి. ఆయనకు ముగ్గులతో పట్నాలు వేయించి మొక్కేటప్పుడు కూడా "ఓ పట్నాల దేవుడా, నువ్వు నాకెరుకే" అని సరిపెట్టేది. రేషన్ షాపులో, ఓటర్ల లిస్టువాళ్ళ దగ్గర, దవాఖానాలో, ఎక్కడ భర్త పేరు అడిగినా పక్కనున్నవాళ్ళ వైపు చూసేది, వాళ్ళు చెప్పేవాళ్ళు. మా ఊళ్ళో ఆ వయసు ఆడవాళ్ళందరికీ ఈ ఏర్పాటు హాయిగా నడిచిపోయేది. పక్కనున్నవాళ్ళు చెబితే చెల్లని చోటు ఒకటి ఈ భూమ్మీద ఉంటుందని ఆమెకు ఎవరు చెప్పారు?

"గా పిల్లకు నువ్వు చెప్పు బిడ్డా" అంది నాతో. "నేను జెప్తె నడవదట బాపమ్మా, నీ గొంతే కావాల్నట." "అయితె మీ బాపుతోటి చెప్పియ్యి." "బాపు గుడ నడవదు." "గదేం కంపెనీరా! నా పెనిమిటి పేరు ఊరందరికి ఎరుకే, వాళ్ళకెరుక లేదా?" "వాళ్ళకు గుడ ఎరుకే బాపమ్మా, కాయిదం మీదున్నది." "మరి ఎరుకున్నంక నన్నెందుకు అడుగుడు?" నేను ఫోన్ మళ్ళీ ఆమె చెవి దగ్గర పెట్టాను. అవతల అమ్మాయి, "మేడం, మీ సమాధానం నమోదు కాలేదు" అంటూనే ఉంది.

అప్పుడు నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. నా తెలివైన ఆలోచనలతో ఇంట్లోవాళ్ళు ఎందుకు భయపడేవాళ్ళో మీకిప్పుడు అర్థమవుతుంది. మా పక్కింట్లో కుట్టుమిషను పెట్టుకున్న ఒక ముస్లిం ఆవిడ ఉండేది, పిన్ని వరసతో ఖాలా అని పిలిచేవాళ్ళం. రేషన్ షాపు లైన్లో బాపమ్మ తరఫున తాత పేరు ఇంటిపేరుతో సహా గడగడా చెప్పేది ఎప్పుడూ ఆమే. బాపమ్మ లాగా ఫోన్లో పేరు చెప్పేస్తే అయిపోతుందని గోడ మీదుగా పిలిచి బతిమాలాను. "అరె, గంతేనా! లావ్ ఇటియ్యి" అని ఖాలా మెడలో టేపుతోనే వచ్చి ఫోన్ అందుకుని, మా తాత పేరు ఒక్క అక్షరం పోకుండా చెప్పేసింది. "ధన్యవాదాలు మేడం" అంది ఆ అమ్మాయి. నేను గాల్లో పిడికిలి ఊపాను. "చివరిగా ఒక్క ప్రశ్న మేడం. ఆయన మీకు ఏమవుతారు?" ఖాలా నా వైపు చూసింది. బాపమ్మ వైపు చూసింది. "పెద్దయ్య" అంది. "ఇక్కడ భార్య అని ఉంది మేడం. మీరు ఆయన భార్యేనా మేడం? అవును లేదా కాదు చెప్పండి." ఫోన్ నా చేతుల్లోకి వచ్చి పడింది. "తోబా తోబా! గిదేం అడుగుడురా! మా పిల్లల అబ్బా ఇంటే ఏమైతది నా ఇజ్జత్!" అని ఖాలా చెంపలు వాయించుకుంటూ గోడ దాటి వెళ్ళిపోయింది. బాపమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పేరు చెప్పగలిగిన మనిషి భార్యనని చెప్పదు, భార్య పేరు చెప్పదు. వీళ్ళిద్దరి మధ్య నేనూ, నా చేతిలో వేడెక్కిన ఫోనూ.

ఆ అమ్మాయి గొంతులో మెత్తదనం కొంచెం తగ్గింది. గొంతులు మారుతున్నాయి కాబట్టి ఈ ఫిర్యాదును పక్కన పెడుతున్నామనీ, మళ్ళీ కొత్తగా నమోదు చేసుకుంటే వారం పది రోజుల్లో చూస్తామనీ అంది. వారం! నేను ఆమెను బతిమాలాను, కసిరాను, మళ్ళీ బతిమాలాను. అరుగు మీద కూర్చుని ఉన్న తాతకు ఒక్క మాటా వినపడకపోయినా నా మొహం కనబడుతోంది కదా. లేచి లోపలికి పోయి, ఇస్త్రీ బట్టలు తెచ్చి బాపమ్మ చేతికిచ్చి, "లోపల వెట్టు. మీరు పోయి రాండ్రి. నేను ఇంటికి కావలుంట" అన్నాడు. అని మళ్ళీ అరుగు మీద కూర్చుని, పలకని మిషనును దాని డబ్బాలో సర్దడం మొదలుపెట్టాడు, మూత సరిగ్గా పడలేదని తీసి మళ్ళీ పెట్టాడు.

బాపమ్మ ఆ బట్టలు పట్టుకుని కొంచెంసేపు నిలబడింది. తర్వాత వాటిని మంచం మీద పెట్టి వచ్చి, నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. కొంగు తలమీదికి లాక్కుంది. తాతకు వీపు చేసి, ట్యాంకు గోడ వైపు తిరిగింది. చెప్పేసింది. ఇంటిపేరుతో మొదలుపెట్టి, పూర్తి పేరు, చివర ఒక గారు కూడా తగిలించి. (ఆ పేరు ఇక్కడ రాయను. బాపమ్మకు ఎవరైనా చదివి వినిపిస్తే నా పని అయిపోతుంది.) ఆమెకు ఉన్నది ఒకటే గొంతు కదా, తాత చెవిలో అరిచే గొంతు, ఆ గొంతుతోనే చెప్పింది. గోడ అవతల ఖాలా కుట్టుమిషను ఆగింది. దారిన పోతున్న ట్రాక్టరువాడు బ్రేకు వేసి, తాతను ఎవరో పిలుస్తున్నారనుకుని మా గేటు వైపు తొంగిచూశాడు. ఎదురింటి అరుగు మీద వాళ్ళు లేచి నిలబడ్డారు. మా వాడ మొత్తం విన్నది. ఆమె వెనక నాలుగడుగుల దూరంలో తాత తలొంచుకుని డబ్బా మూత నొక్కుతూనే ఉన్నాడు.

"ధన్యవాదాలు మేడం" అంది ఆ అమ్మాయి. "ఇంకొక్కసారి స్పష్టంగా చెప్పగలరా?" బాపమ్మ ఫోన్‌ను పాముని చూసినట్టు చూసి నా చేతిలో పడేసి లోపలికి వెళ్ళిపోయింది. నేను ఆ అమ్మాయితో, "అమ్మా, మానుకోట దాకా ఇనవడ్డది, నీకు ఇనవడలేదా?" అన్నాను. "వినపడింది సార్" అంది ఆమె. మొదటిసారి ఆ గొంతులో మనిషి ఉన్నట్టనిపించింది. "సరే సార్, రేపు వరంగల్‌లో తీసుకోండి."

మర్నాడు వరంగల్ పోయి కొత్త మిషను తెచ్చాను. ఆ మర్నాడు అందరం జనగామకు రైలెక్కాం, తాత కూడా, తెల్లబట్టల్లో. తొట్టెలలో వేసి పిల్లవాడి చెవిలో పేరు చెప్పి, పైకి అందరికీ వినపడేలా పిలిచినప్పుడు తాత, "ఓయ్!" అని పలికాడు. ఇల్లంతా నవ్వింది, ఈసారి ఎందుకు నవ్విందో ఆయనకు తెలుసు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే తొట్టెల ఊపుతూ పిల్లవాణ్ణి పేరు పెట్టి పిలిచారు. బాపమ్మ వంతు వచ్చింది. "ఓ మా బుడ్డోడా" అని ఊపి పక్కకు జరిగింది.

ఇంటికొచ్చాక సంగతి తాతకు చెప్పింది ఖాలానే. "పెద్దయ్యా, పెద్దమ్మ నీ పేరు చెప్పింది ఫోన్ల, గల్లీ అంత విన్నది!" తాత ముందు నమ్మలేదు. తర్వాత ట్రాక్టరువాడు చెప్పాడు, ఎదురింటివాళ్ళు చెప్పారు. నెమ్మదిగా వంటింటి గుమ్మం దగ్గరికి పోయి, "చెప్పినవంట గదా?" అన్నాడు. "ఎవ్వలు? నేనా? కలగన్నవా ఏంది" అని బాపమ్మ ఉల్లిగడ్డ కోసుకుంటూ తల కూడా ఎత్తలేదు. తాత తిరిగొచ్చి జామచెట్టు కింద మంచం మీద నా పక్కన కూర్చున్నాడు. "ఇన్నేండ్లల్ల నా పేరు ఒక్కసారి పలికింది, అది గుడ కంపెనోళ్ళకు" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. చాలా ఇష్టమైన వంట వండిన రోజు ఊళ్ళో లేని మనిషి అలా అంటాడు. వంటింటి వైపు ఒకసారి చూసి, "గా ఫోన్ల మాటలు వాళ్ళ దగ్గర దాసి పెడ్తరంట గదరా? జర అడుగు, ఇనిపిస్తరేమో" అన్నాడు.

అడిగాను. జామచెట్టు, సంగీతం, మీ కాల్ మాకు ముఖ్యమైనది, అన్నీ దాటుకుని ఒకబ్బాయి దొరికాడు. "పరికరం ఇప్పుడు పనిచేస్తోందా సార్?" "బాగ పనిచేస్తుంది." "మరి ఫిర్యాదు ఏంటి సార్?" ఏమని చెప్పను? మా బాపమ్మ మా తాత పేరు చెప్పిందనీ, అది ఆయనకు వినపడలేదనీ చెప్పాను. అవతల ఏదో టైపు చేసి చెరిపేసిన చప్పుడు. "సార్, అది మా సమస్యల్లో లేదు సార్. వినపడటం లేదు అని రాసుకోమంటారా?" అన్నాడు. రాసుకోమన్నాను. ఒక ఫిర్యాదు నంబరిచ్చి, త్వరలో మా ప్రతినిధి మీకు ఫోన్ చేస్తారు అన్నాడు.

తాత అంతా విని, "పోనీ తియ్యి. నువ్వు విన్నవు గద. ఎట్లన్నదో అని సూపెట్టు" అన్నాడు. నేను లేచి, తువ్వాలు తలమీద కప్పుకుని, గోడవైపు తిరిగి, బాపమ్మ గొంతుతో ఇంటిపేరు దగ్గర్నుంచి గారు దాకా గట్టిగా అన్నాను. వంటింట్లో గిన్నె కింద పడ్డ చప్పుడైంది. "ఎవడ్రా గాడు? పెద్దోళ్ళ పేరు గట్ల ఒర్రుతరా? బుద్ధి లేదా నీకు?" నేను నాలుక కరుచుకుని మంచం మీద కూలబడ్డాను. తాత మాత్రం చెవి దగ్గరికి చెయ్యి పోనిచ్చి, మిషను సౌండు కొంచెం పెంచుకుని, వంటింటి వైపు తిరిగి కూర్చున్నాడు, ఆ కోపంలోనైనా ఆమె ఆ పేరు ఇంకోసారి అంటుందేమోనని. పక్కనే నేను, కంపెనీవాళ్ళు నిజంగానే ఫోన్ చేస్తారని నమ్మి, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇద్దరికీ ఏమీ వినపడలేదు. ఎంత అమాయకుణ్ణి కదా నేను అని ఇప్పుడు నవ్వుకుంటాను, నవ్వుకుని ఒక్కోసారి ఆనాటి ఆ కుర్రాడి పక్కన ఇంకాసేపు కూర్చోవాలనిపిస్తుంది. "మీ తాత పక్కపొంటి గా పొద్దు కూసున్నట్టు వీడు మల్ల ఎన్నడు కూసోలేదు" అని బాపమ్మ ఇప్పటికీ అందరికీ చెబుతుంది, అదే గొంతుతో, అరిచి వినిపించాల్సిన మనిషి ఇంట్లో లేకపోయినా.